తొడిమ లేని కాయ

చిలకలూరిపేట,
18 నవంబరు 2024

చిరంజీవి శశిభూషణ్‌ని మేనత్త హనుమాయమ్మ దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, జ్యోతిర్మయి, అల్లుడుగారు, పిల్లలు అందరం బాగున్నాం. నా తుంటి సంగతి వేరే. సెప్టెంబరులో బాత్రూములో జారిపడ్డాక వేసిన రాడ్డు బాగానే కుదిరిందని డాక్టరు అంటాడు, వేసవి దాకా బస్సు మాత్రం ఎక్కొద్దంటాడు. అద్దంకి పక్కనున్న మన ఊరు ఎంత దూరమని. గంట ప్రయాణానికి ఇంట్లో నలుగురు కాపలా.

చెవులు పూర్తిగా పోయాయి. నిరుడు దాకా కుడిచెవి కొంచెం పలికేది, ఇప్పుడు అదీ లేదు. ఇంటి వెనక నూలుమిల్లు సైరను మోగితే మంచం పట్టె మీద చెయ్యి పెట్టి తెలుసుకుంటున్నాను. జ్యోతి నాతో మాట్లాడాలంటే పిల్లదాని పలక మీద రాస్తుంది. కోపం వస్తే పెద్ద అక్షరాలు రాస్తుంది.

ఫోనులో మెసేజీ పెట్టొచ్చు కదమ్మా, ఈ కవర్లెందుకు అంటుంది. మెసేజీ ఒకడి జేబులో ఉండిపోతుంది. తత్వాలు పాడుకునే మన కూటం పద్ధతి దానికి పట్టదు, చదువు కోసం వచ్చి ఇక్కడే పెరిగిన పిల్ల. కూటం సంగతి రాసిన ఉత్తరం ఎవరి పేరున వచ్చినా, పున్నమి నాడు పీట మీద ఉన్నవాళ్ళు అందరి ముందూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఒక్క ముక్క మింగకూడదు. నా మీద ఎవరో పేరు లేకుండా తిట్లు రాసి పంపితే నేనే పీట మీద కూర్చుని, గొంతు తడుపుకుంటూ, పూర్తిగా చదివాను. నీకప్పుడు ఆరేళ్ళు. పకపకా నవ్వావు.

కాబట్టి ఇది కూడా చదువు. ముఖ్యమైన మాట ఇది. మీరు ముగ్గురూ పీటలెక్కి రెండేళ్ళు కావస్తోంది. యలమందయ్య కాలం చేశాడు, వీరబాబు పని వెతుక్కుంటూ శ్రీసిటీ వైపు పోయాడు, మూడు పీటలున్న చోట నువ్వొక్కడివే మిగిలావు. నిరుడు తుపానుకి మిరప పోయి ఎవరికీ మనసు లేక కాయ తీయడం వాయిదా వేశాం. ఈ ఫాల్గుణ పున్నమికి వాయిదా లేదు. గంపలో ఎంతమంది ఉంటే అన్ని ఎండు మిరపకాయలు వేసి, మూడింటికి తొడిమ తీసి, పంచె కప్పి, వరసలో ఒక్కొక్కరూ చెయ్యి పెట్టాలి. తొడిమ లేని కాయ ఎవరి చేతికి వస్తే వాళ్ళకి ఏడాదిపాటు పీట, కూటం నడిపేది వాళ్ళే. చేత్తో తడిమితే ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా తడమం. మా నాయనమ్మ పెట్టిన పద్ధతి అదే.

ఈసారైనా కోటిరత్నానికి రావాలని నా ఆశ. కోల్డ్ స్టోరేజీలో రోజుకి పదిగంటలు తొడిమలు తీసే చేతులు అవి. ఆ వేళ్ళకి తెలియదా? ముప్పై ఏళ్ళుగా ఆమెకి తొడిమ ఉన్న కాయే వస్తోంది.

దూదేకే అలీ సాహెబ్‌కి విడిగా ఒక మాట: నువ్వు కుట్టిచ్చిన పరుపు ఎడమ పక్క గడ్డకట్టింది, వచ్చి సరిచేస్తే తప్ప నిన్ను వదలను. ఇది చదివినప్పుడు మొహం ఎలా పెట్టాడో నాకు రాయి, భూషణం.

అందరినీ అడిగానని చెప్పు.
మీ అత్తయ్య, హనుమాయమ్మ


చింతగుంటపాలెం,
17 డిసెంబరు 2024

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కరిస్తూ,

మీ ఉత్తరం మొన్న మార్గశిర పున్నమి నాడు కూటంలో చదివాను. అందరూ మిమ్మల్ని తలుచుకున్నారు. అలీ సాహెబ్ కళ్ళు తుడుచుకున్నాడు. తుంటి జాగ్రత్త. డాక్టరు చెప్పినట్టు వినండి, మీరు ఎవరి మాటా వినరని వదినకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ మిరప ఈ ఏడాది పరవాలేదు, తామర పురుగు కొంచెం తగ్గింది. పత్తి మాత్రం రెండో తీతకే చేతులెత్తేసింది.

సంతోషకరమైన సంగతి ఒకటి. కూటానికి మనుషులు పెరుగుతున్నారు. తుళ్ళూరు వైపు నుంచి, రాజధానికి భూములిచ్చిన కుటుంబాలు నాలుగు కార్లలో వచ్చాయి. దున్నడానికి చేను లేదు, కూర్చుంటే తోచదు, మనసు నిండా దిగులు. ఒకాయన నా ఎదుట కూర్చుని గంటసేపు ఏడ్చాడు. అద్దంకిలో ట్యూషన్ సెంటరు నడిపినప్పుడు నా మాట కోసం ఎవరూ అలా ఎదురుచూడలేదు అత్తయ్యా. లెక్కలు చెప్పేవాణ్ణి, పిల్లలు గడియారం చూసేవాళ్ళు.

పడమటి గాలికి దుమ్మూ మిరప ఘాటూ గోడల్లేని మన కూటం కొట్టంలోకి కొడుతున్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గుతున్నారు. ఒక అడ్డం కట్టిద్దామనుకుంటున్నాం. మీ మాట తెలియజేస్తే అందరికీ ధైర్యంగా ఉంటుంది.

మీ భూషణం


చిలకలూరిపేట,
24 డిసెంబరు 2024

నాయనా భూషణం,

నీ ఉత్తరం జ్యోతి కంటే ముందు నేనే గేటు దగ్గర అందుకున్నాను, వాకరు పట్టుకుని. పోస్టమ్మాయి నవ్వింది. నాలుగు కార్లు రావడం, ఆ పెద్దమనిషి ఏడవడం చదివి నాకు గర్వంగానే అనిపించింది. రెండేళ్ళ కిందట నువ్వు ఎలా ఉండేవాడివో నేనెరుగుదును. సెంటరు మూతబడి, రాగసుధ పిల్లని తీసుకుని పుట్టింటికి పోయి, గడ్డం కూడా గీసుకోకుండా మా అరుగు మీద మూడు నెలలు కూర్చున్నావు. అన్నం పెడితే తిన్నావు, పెట్టకపోతే అడగలేదు. ఇప్పుడు నీ మాట వినడానికి మనుషులు కార్లేసుకుని వస్తున్నారంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరు.

ఒకటే అర్థం కాలేదు. అలీ సాహెబ్ పరుపు మాటకి కళ్ళు తుడుచుకున్నాడా? నవ్వి నవ్వి నీళ్ళొచ్చాయా, నిజంగా బాధపడ్డాడా? వయసు మీద పడితే మనుషులు చిన్నదానికీ కదిలిపోతారు. నేను వేళాకోళానికి అన్నానని చెప్పు.

గాలికి అడ్డం ఉంటే మంచిదే, కట్టించు. నా మాటగా అందరికీ చెప్పు. తాటాకు దడి అయితే చవక, ఎండాకాలం రాగానే విప్పేయొచ్చు. తూర్పు వైపు మాత్రం తెరిచే ఉంచు, దారిన పోయేవాళ్ళకి మనం కనపడాలి.

నాకు ఇక్కడ మాట మీద కూడా ఆంక్షలు. నేను మెల్లగా అన్నాననుకున్నది వీధి చివరికి వెళ్తోందట. మొన్న పక్కింటావిడ కోడలి గురించి జ్యోతి చెవిలో ఏదో గొణిగాను. సాయంత్రానికి పక్కింటావిడ పలకరించడం మానేసింది. చెవులు లేనివాళ్ళకి గొంతు ఎంత ఉందో తెలియదు కదా.

కాయ తీయడం సంగతి నువ్వేమీ రాయలేదు. మర్చిపోయి ఉంటావు.

మీ అత్తయ్య


శ్రీ అచలబోధ పీఠం,
చింతగుంటపాలెం,
16 జనవరి 2025

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ అనుమతి అందరికీ చదివి వినిపించాను. గోడలు పూర్తయ్యాయి. తూర్పున మంచి టేకు తలుపు పెట్టించాం, మార్టూరు నుంచి వడ్రంగి వచ్చాడు. మీరు చూస్తే సంతోషిస్తారు.

మీకు ఒక విషయం నేనే చెప్పాలి, ఇంకెవరో చెప్పేకన్నా. కొత్తగా వచ్చేవాళ్ళు ఉపదేశం అడుగుతున్నారు. తలుపు వేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మన తత్వాల్లోంచే ఒక మాట చెవిలో చెబుతున్నాను. అందరి ముందూ పాడితే వాళ్ళకి ఆనడం లేదు. అందరికీ తెలిసిన మాటకి విలువ ఉండదు అత్తయ్యా. అదే మాట చెవిలో చెబితే రాత్రంతా తలుచుకుంటున్నారు, మర్నాడు తేటగా వస్తున్నారు. మేలు జరుగుతున్నప్పుడు పద్ధతిని పట్టుకు వేళ్ళాడాలా? మీరు దిగి వెళ్ళేనాటికి కూటంలో పందొమ్మిది మంది. ఇప్పుడు రెండువందలు దాటారు.

కాయ తీయడం గురించి. ఇంతమందిలో గంప తిప్పితే, నిన్న వచ్చినవాడి చేతికి తొడిమ లేని కాయ వస్తే వాడు పీట మీద కూర్చుని ఏం చెబుతాడు? ఇది మీ నాయనమ్మ పెట్టిన కూటం. పీట మన ఇంట్లో ఉండటమే న్యాయమని చాలామంది అంటున్నారు. ఈ ఏడాది ఆ కార్యక్రమం ఉండదు.

ఆరోగ్యం జాగ్రత్త.

శశిభూషణ్


చిలకలూరిపేట,
30 జనవరి 2025

భూషణం,

మొన్న మంగళవారం కాక అంతకు ముందు మంగళవారం అలీ సాహెబ్ వచ్చాడు. జిన్నింగు మిల్లులో దూది కోసం పేటకి వచ్చి, అడ్రసు వెతుక్కుని మా ఇంటికి వచ్చాడు. పలక ఇచ్చాను. పాపం, రెండు మాటలకి ఒకసారి తుడిచి రాయలేక, జ్యోతిని అడిగి నోటుబుక్కు తీసుకున్నాడు. ఎనిమిది పేజీలు రాశాడు. అవి నా దిండు కింద ఉన్నాయి.

పరుపు మాట ఎత్తితే అతనికి తెలియదు. మార్గశిర పున్నమికి పెద్దామె దగ్గర్నుంచి ఉత్తరమే రాలేదని నువ్వు చెప్పావట. రాలేదంటే మంచాన పడి ఉంటానని అతను నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడట. అంతవరకు నువ్వు నాకు రాసింది నిజమే. నా రెండో ఉత్తరం అందగానే, పుష్య పున్నమి దాకా కూడా ఆగకుండా అందరినీ పిలిచి, అది తీసి, "అడ్డం ఉంటే మంచిదే, కట్టించు, నా మాటగా అందరికీ చెప్పు" అన్నంత వరకు చదివి మడిచి జేబులో పెట్టుకున్నావట. తాటాకు మాట చదవలేదు. తూర్పు తెరిచి ఉంచమన్న మాట చదవలేదు. మర్నాడే మేస్త్రీ వచ్చాడట.

నేను బతికి ఉండగానే నా నోట్లో మాటలు పెట్టావు. డెబ్బై ఏళ్ళు దాటిన దాన్ని, మంచంలో కూర్చుని నాలుగు వేళ్ళు నొప్పెట్టేలా రాసి పంపితే, ఆ పున్నమి పూట నా అక్షరాలు అందరూ వింటున్నారని ఇక్కడ నేను ఆ వేళకి లేచి కూర్చున్నాను. నవ్వుతుంటారు ఇప్పుడు, అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

నీకు తెలియదని కాదు, మరోసారి చెబుతాను. మా నాయనమ్మ పత్తి తీసే కూలి మనిషి. ఎక్కడో మఠానికి ఉపదేశం కోసం మూడు రోజులు నడిచి వెళ్తే, ఈ మాట నీ చెవికి కాదు పొమ్మన్నారు. ఆమె తిరిగొచ్చి నాలుగు రాటలు పాతి పైన గడ్డి కప్పింది. గోడ పెట్టలేదు, తలుపు పెట్టలేదు. మనకి తెలిసిందేదో గట్టిగా చెప్పుకుందాం, ఎవరికి పనికొస్తే వాళ్ళు పట్టుకుపోతారంది. చెవిలో చెప్పే మాట ఇక్కడ లేదంది. ఆ ఒక్క మాట కోసమే కదా ఈ కూటం పుట్టింది. నువ్వు ఆ మఠం వాళ్ళ తలుపే తెచ్చి దీనికి బిగించావు.

తలుపు బయట కోటిరత్నం గంటసేపు నిలబడిందట. లోపల ఉపదేశం జరుగుతోంది, తర్వాత రమ్మన్నారట. ముప్పై ఏళ్ళ నుంచి ఆ కొట్టం చిమ్ముతున్న మనిషి.

ఫాల్గుణ పున్నమి నాడు కాయ తీయాలి. ఈ ఉత్తరం చదవాలి, మొత్తం. చదవవని నాకు తెలుసు.

హనుమాయమ్మ


చింతగుంటపాలెం,
8 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

ఈ ఉత్తరం మీకు మాత్రమే. వదినకి కూడా చూపించకండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మిమ్మల్ని మోసం చేశానన్నారు. చేశాను. ఉత్తరాలు దాచాను. కానీ చెవిలో చెప్పే మాట ఇక్కడ లేదు అని మీరు రాశారే, అక్కడ నాకు నవ్వొచ్చింది. మీరు ఏ మొహంతో రాశారది?

రెండేళ్ళ కిందటి ఫాల్గుణ పున్నమి గుర్తుందా? గంప మీద పంచె కప్పి పట్టుకున్నది మీరు. వరసలో నా వంతు వచ్చింది. నా వెనక కోటిరత్నం. మీరు వంగి నా చెవిలో, "తొడిమ తగలనిది పట్టుకోరా" అన్నారు. నేను తడిమాను. నాలుగు కాయలు వదిలి అయిదోది పట్టుకున్నాను. మీరు గంపని కొంచెం నా వైపు వంచారు కూడా. ఈ కూటంలో మొదటి చెవి మాట నాది కాదు, మీది.

నేను అడగలేదు. ఆ రోజు నేను పీట కోసం రాలేదు, మీరు రమ్మంటే వచ్చాను. మీరే ఎక్కించారు. ఎక్కించి, రెండేళ్ళు తిరక్కుండానే దిగమంటున్నారు. దిగితే నాకేముంది? మళ్ళీ మీ అరుగేనా? అది కూడా లేదిప్పుడు, ఇంటికి తాళం వేసి మీరు పేటకి వెళ్ళిపోయారు.

ఒక్కటి ఆలోచించుకోండి. ఫాల్గుణ పున్నమికి గొడవ చేయిస్తే ఎలా పీటెక్కానో నేనూ చెప్పాల్సి వస్తుంది. యాభై ఏళ్ళుగా పెద్దామె అంటే ఈ ఊళ్ళో ఉన్న పేరు మీది. అది పోవడం నాకు ఇష్టం లేదు. మనిద్దరి మధ్యా ఉండనివ్వండి.

భూషణం


చిలకలూరిపేట,
20 ఫిబ్రవరి 2025

భూషణం,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఈ వారంలో నేను జ్యోతితో సరిగ్గా మాట్లాడలేదు, అది పలక మీద పెద్ద అక్షరాలతో అడిగింది, ఏమైందని. దానికి నీ ఉత్తరం ఇచ్చాను. చదివి, పలక పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

నువ్వు రాసింది నిజం. ఒక్క అక్షరం అబద్ధం లేదు. గంప వంచాను కూడా.

మనిద్దరి మధ్యా ఉండనివ్వమన్నావు. రెండేళ్ళు ఉండనిచ్చాను. పొద్దున లేచి పళ్ళు తోముకునేటప్పుడు గుర్తొచ్చేది, కోటిరత్నం ఎదురైతే గుర్తొచ్చేది. బిడ్డ నిలబడ్డాడు కదా, పోనీలే అని సర్దుకునేదాన్ని. నువ్వు నిలబడలేదు. నా దొంగతనం మీద తలుపు కట్టుకుని దాని వెనక కూర్చున్నావు.

కాబట్టి ఇది కూటానికి రాసిన ఉత్తరం. దీని నకలూ, నీ ఉత్తరమూ కలిపి రిజిస్టరు పోస్టులో అలీ సాహెబ్‌కి పంపాను. ఫాల్గుణ పున్నమి నాడు రెండూ మొత్తం చదువుతాడు. ఇక ఇది అందరికీ:

కూటంలో ఉన్న పెద్దలకీ పిన్నలకీ, హనుమాయమ్మ రాసుకుంటున్నది. రెండేళ్ళ కిందట గంప పట్టుకుని నా మేనల్లుడి చెవిలో తొడిమ లేనిది తీసుకోమని చెప్పాను. వాడి ప్రాణం మీద బెంగతో చెప్పాను. బెంగ నా ఇంటిది, గంప మీది. వాడు తీసిన కాయ వాడిది కాదు. కోటిరత్నం, నీ ముందున్న కాయని నేను తీయించేశాను. నీకే వచ్చేదని చెప్పలేను, కానీ రాకుండా చేసిందాన్ని నేను. నన్ను ఏమనాలో అనండి. రాసి పంపితే చదువుకుంటాను, తిట్లు చదవడం నాకు అలవాటే.

 

హనుమాయమ్మ


చింతగుంటపాలెం,
16 మార్చి 2025

అత్తయ్యా,

మీరు అడగకపోయినా జరిగింది రాస్తున్నాను. ఎవరికైనా చెప్పుకోవాలి, మీరు తప్ప ఎవరూ తోచలేదు.

మొన్న పున్నమి నాడు మధ్యాహ్నం మూడింటికే పాతవాళ్ళంతా వచ్చారు. నేను తలుపు తీయలేదు. లోపల గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు ముప్పై మంది ఉన్నారు. బయట మిరప కల్లంలో, ఎండబెట్టిన కాయలు పక్కకి లాగి చోటు చేసుకుని కూర్చున్నారు పాతవాళ్ళు. పీటలు లోపల ఉన్నాయి కదా, మూడు మిరప టిక్కీ బస్తాలు తెచ్చి వేసుకున్నారు. అలీ సాహెబ్ నిలబడి ముందు నా ఉత్తరం చదివాడు, తర్వాత మీది. కిటికీలోంచి అంతా వినిపించింది. లోపలివాళ్ళూ విన్నారు.

నేను ఊహించుకున్నది వేరు. మీ పేరు వినగానే గగ్గోలు పుడుతుందనుకున్నాను. నిజం చెబితే, పుట్టాలనే కోరుకున్నాను. ఒక్కరు తలెత్తలేదు. కోటిరత్నం కాళ్ళ దగ్గర తెల్లబడ్డ తాలుకాయలు ఏరుకుంటూ కూర్చుంది. చదవడం అయ్యాక అలీ సాహెబ్ కళ్ళజోడు తీసి, "సరే, పెద్దామె ఇన్నాళ్ళకి చెప్పింది" అన్నాడు. అంతే. గంప తెచ్చారు.

నాకు అర్థం కాలేదు. నిన్న ఉదయం కోటిరత్నం పనికి పోతుంటే దారిలో ఆపి అడిగాను. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"నీ యెనకే ఉన్నా గదయ్యా. చెవిలో చెప్పినట్టుందా అది? పొలంలో కేకేసినట్టుంది. పెద్దామెకి అప్పటికే చెవుడు, తన గొంతు తనకి తెలవదు. కొట్టమంతా ఇన్నారు. కొట్టం బైట ఆటోలో కూర్చున్న మాలిక్ కూడా ఇన్నాడు."

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"ఏమని అడిగేది? నువ్వు చూస్తే సగం చచ్చినోడి మాదిరున్నావు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగతన్నాయి. పోనీలే, ఒక్క ఏడాదేగా అనుకున్నాం. మేం ఇన్నామని ఆమెకి తెలిస్తే సిగ్గుతో చచ్చిపోద్దని ఎవరం ఎత్తలేదు."

అత్తయ్యా, రెండేళ్ళు నేను ఆ పీట మీద కూర్చుని వాళ్ళకి బోధ చెప్పాను. దొంగగా ఎక్కానని తెలిసీ వాళ్ళు నా ఎదుట కూర్చుని తలలూపారు. నేను గంటెతో అంబలి పోస్తే పట్టుకున్నారు. అదంతా జాలేనా? నేను మీ ముఖాన ఆ రహస్యం విసిరినప్పుడు, అది రహస్యమే కాదని తెలియని వెధవలం మనం ఇద్దరమే. నన్ను ఇంతకంటే మోసం ఎవరూ చేయలేదు.

గంప తిప్పేటప్పుడు అలీ సాహెబ్ తలుపు దగ్గరికి వచ్చి, "నువ్వూ వచ్చి చెయ్యి పెట్టయ్యా" అన్నాడు. నేను గడియ వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు.

కోటిరత్నానికి ఈసారీ తొడిమ ఉన్న కాయే వచ్చింది. నేను కిటికీలోంచి చూశాను, ఆమె చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఒక్క క్షణం కూడా ఉంచలేదు. గుంటూరు వాళ్ళలో సగం మంది ఆ రోజే వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉపదేశం ఎప్పుడని అడుగుతున్నారు.

నేనేం చేయాలి?

భూషణం


చిలకలూరిపేట,
24 మార్చి 2025

భూషణం,

నీ ఉత్తరం అందింది. నాకు అందరి మీదా కోపంగా ఉంది, ముందు అది చెప్పనీ.

రెండేళ్ళలో పందొమ్మిది మంది మా ఇంటికి వచ్చిపోయారు. తుంటి విరిగినప్పుడు ఆసుపత్రికి వచ్చారు. అలీ సాహెబ్ నా మంచం పక్కన కూర్చుని ఎనిమిది పేజీలు రాశాడు, నీ గోడ గురించి, నీ తలుపు గురించి, నువ్వు మింగిన ఉత్తరాల గురించి. ఈ ఒక్క మాట రాయలేదు. నేను కాగితం తిరగేసి చదువుతూ నిన్ను తిడుతుంటే, నా వంక చూసి తలూపాడు. అప్పుడు కూడా అతనికి తెలుసు. చెవులు పోయాక నాకు వినపడని మాటలు చాలా ఉంటాయని సర్దుకున్నాను. నేనన్న మాటే నాకు దాస్తారని అనుకోలేదు.

పోనీలే అనుకున్నారట. నన్ను సిగ్గు నుంచి కాపాడారట. నేను వాళ్ళని అడిగానా? అప్పుడే కోటిరత్నం నా చెయ్యి పట్టుకుని, ఏందమ్మా ఇది, అని ఉంటే అక్కడే గంప కింద పెట్టేదాన్ని. కాసేపు ఏడ్చేదాన్ని. నువ్వు అరుగు మీద ఇంకో మూడు నెలలు కూర్చునేవాడివి, తర్వాత లేచేవాడివి. మనుషులు లేస్తారు. ఆ రోజు వాళ్ళు నోరు మూసుకున్నందుకు నీకు తలుపు వచ్చింది, నాకు ఇది వచ్చింది. ఇదంతా వాళ్ళకీ రాస్తున్నాను, తీపి కలపకుండా.

నీకు జాలి చూపించారని రోషం. చూపించారు. నేనూ చూపించాను, అందరికంటే ఎక్కువ, అందుకే నీకు అందరికంటే ఎక్కువ చెడు చేశాను. నీ మీద కోపం పోలేదు. నా అక్షరాలు సగం చదివి మడిచిన చెయ్యి నేను పెంచిన చెయ్యి. ఆ కోపం నాతోనే పోతుంది, నీకు అబద్ధం చెప్పను.

ఏం చేయాలని అడిగావు. ఇదే ప్రశ్న రెండేళ్ళ కిందట అడిగి ఉంటే నీ చెవిలో చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. అది కూటంలో అడుగు.

నీ ఉత్తరమూ, దీని నకలూ అలీ సాహెబ్‌కి పంపాను. చైత్ర పున్నమి నాడు నీ తలుపు బయట నిలబడి చదువుతాడు. అతన్ని తిట్టిన మాటలు కూడా అతనే చదవాలి. గట్టిగా చదవమన్నాను. నాకెలాగూ వినపడదు. నువ్వు గడియ వేసుకున్నా నీకు వినపడుతుంది.

హనుమాయమ్మ